ఓరియన్ నెబ్యులా నడుమ ఆ తెల్ల మచ్చ ఏంటి? నాలుగు ఎక్స్‌పోజర్లు కలిపి ఒక్క ఫోటో చేయడం ఎట్ల?

ఈ ఎపిసోడ్ అంతా ఒక తెల్ల మచ్చ గురించే.

ఈ చలికాలం మీరు పంపిన ఓరియన్ నెబ్యులా ఫోటోలన్నీ చూశాను. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం... చాలా ఊళ్ల నుంచి వచ్చాయి. కొందరు ఫోన్‌తో తీశారు. కొందరు పెళ్లిళ్లకు ఫోటోలు తీసే అన్నల దగ్గర కెమెరా ఒక రాత్రికి అడిగి తెచ్చుకున్నారు. ఎవరు తీసినా కష్టం మాత్రం ఒకటే. చుట్టూ రెక్కల్లాగా పరుచుకున్న మేఘం బాగా వస్తుంది, నట్టనడుమ మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా అయిపోతుంది. లేదంటే నడుమ బాగుంటుంది, రెక్కలు మాయమైపోతాయి. కింద ప్రశ్న కూడా ఒకటే: "అన్నా, రెండూ ఒకే ఫోటోలో ఎట్ల తెప్పించాలి?"

ఒక్క క్లిక్‌తో రావు. నాలుగు రకాల ఎక్స్‌పోజర్లు తీసి కలపాలి. ఎందుకు కలపాలి, ఎట్ల కలపాలి, అట్లా కలిపితే అది నిజమైన ఫోటోనేనా? ఈ మూడూ ఈరోజు మాట్లాడుకుందాం. మూడోదే అన్నిటికంటే ముఖ్యం, అందుకే చివరిదాకా ఉండండి.

ముందు అసలు ఆ నెబ్యులా ఎక్కడుందో చూద్దాం. మృగశిర, ఆరుద్ర అనే పేర్లు మీరు వినే ఉంటారు. పంచాంగంలో నక్షత్రాలు, రైతుకు కార్తెలు. ఈ రెండూ ఓరియన్ రాశిలోవే. ఎర్రగా మెరిసే బెటెల్‌గ్యూస్ మన ఆరుద్ర. ఇక్కడ ఒక సరదా విషయం ఉంది. జూన్‌లో మృగశిర కార్తె వస్తుంది కదా, ఆ రోజుల్లో మృగశిర నక్షత్రం మనకు కనిపించదు. ఎందుకంటే కార్తె అంటేనే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్నాడని అర్థం. ఎండ వెలుగులో అది మునిగిపోయి ఉంటుంది. సరిగ్గా ఆరు నెలల తర్వాత, డిసెంబర్ నడుమ, అదే ఓరియన్ పొద్దు కూకంగానే తూర్పున లేచి అర్ధరాత్రికి నడినెత్తి దాకా వస్తుంది. ఫిబ్రవరి నడుమకొచ్చేసరికి రాత్రి ఎనిమిదికే పైన ఉంటుంది. కాబట్టి మనకు సీజన్ నవంబర్ చివరి నుంచి మార్చి దాకా.

వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి, అది ఓరియన్ నడుముపట్టీ. ఆ పట్టీ నుంచి దక్షిణంగా, కత్తి వేలాడదీసినట్టు ఇంకో చిన్న వరస ఉంటుంది. ఆ వరస నడుమ మసకగా కనిపించేదే ఎం42, ఓరియన్ నెబ్యులా. మన నుంచి దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరం. మదనపల్లె నుంచి చూస్తే అది ఆకాశంలో 71 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. లండన్‌లో ఉండేవాళ్లకు 33 డిగ్రీలు దాటదు. అంటే వాళ్లు మందమైన గాలి పొరలోంచి చూడాలి, మనం దాదాపు నిటారుగా చూస్తాం. ఈ ఒక్క విషయంలో మన పడమటి మండలాల వాళ్లం అదృష్టవంతులం.

సరే, ఇప్పుడు తెల్ల మచ్చ సంగతికి వద్దాం.

కెమెరా సెన్సార్‌లో లక్షల పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌ను ఒక చెంబు అనుకోండి. వానలో మిద్దె మీద వరసగా చెంబులు పెట్టాం. కొన్ని చెంబులు చూరు ధార కింద ఉన్నాయి, కొన్ని చినుకుల్లో ఉన్నాయి. ధార కింద చెంబు క్షణాల్లో నిండిపోతుంది. ఆ తర్వాత గంట కురిసినా ఆ చెంబు చెప్పేది "నిండింది" అనే. చినుకుల కింద చెంబులో మాత్రం అడుగు తడవడానికే చాలాసేపు పడుతుంది. 14 బిట్ కెమెరాలో చెంబు కొలత 0 నుంచి 16,383 దాకా. నెబ్యులా నడుమ భాగం ఆ ధార. రెక్కల చివర్లు చినుకులు. రెండింటి మధ్య వెలుగు తేడా వేల రెట్లు. రెక్కల కోసం ఒక నిమిషం తీస్తే నడుమ చెంబులన్నీ పొర్లిపోతాయి. అన్నిట్లోనూ 16,383 అంకే ఉంటుంది, అదే మన తెల్ల మచ్చ.

ఒక్క మాట బాగా గుర్తు పెట్టుకోండి. నిండిపోయిన చెంబులోంచి తర్వాత ఏ యాప్ కూడా సమాచారం బయటికి తీయలేదు. హైలైట్స్ స్లైడర్ కిందికి లాగితే తెలుపు బూడిద రంగు అవుతుంది, అంతే. అక్కడ వివరం అసలు రికార్డే కాలేదు.

పోతే పోయిందిలే, నడుమ భాగమే కదా అంటారా? అసలు కథ అక్కడే ఉంది. ఆ నడుమ నాలుగు నక్షత్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, వాటిని ట్రపీజియం అంటారు. వాటిలో పెద్దది తీటా వన్ ఓరియనిస్ సి. మొత్తం నెబ్యులాను వెలిగించడంలో పెద్ద వాటా దానిదే. దాని అల్ట్రావయొలెట్ వెలుగు తగిలే హైడ్రోజన్ ఎర్రగా మెరుస్తుంది. ఆ చుట్టుపక్కలే కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. వాటిచుట్టూ గ్రహాలు తయారయ్యే ధూళి పళ్లేలను 1990లలో హబుల్ టెలిస్కోప్ ఫోటో తీసింది. మన కెమెరాకు ఆ పళ్లేలు కనిపించవు, నిజమే. కానీ దీపాన్నే తెల్ల మచ్చ కింద పాతిపెట్టి దాని వెలుగును మాత్రమే చూపిస్తే ఆ ఫోటో సగం కథే చెప్పినట్టు.

ఇది ఈనాటి తలనొప్పి కూడా కాదు ఫ్రెండ్స్. నెబ్యులాకు మొట్టమొదటి ఫోటో తీసింది అమెరికాలో హెన్రీ డ్రేపర్, 1880 సెప్టెంబర్ 30న. తీసింది ఈ ఓరియన్ నెబ్యులానే, 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో. 1883లో ఇంగ్లండ్‌లో ఆండ్రూ కామన్ తీసిన ఫోటోల్లో, టెలిస్కోప్‌లో కంటికి కనిపించని నక్షత్రాలు కూడా వచ్చాయి. అంతకు ముందే 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకో నెగెటివ్ వాడి, రెండూ కలిపి ఒకే ఫోటోగా ప్రింట్ వేసేవాడు. అప్పటి ప్లేట్లకు రెండు వెలుగులూ ఒకేసారి అందేవి కావు మరి.

మన హైదరాబాద్‌కు కూడా ఇందులో వాటా ఉంది. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. ప్రపంచంలో చాలా అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలు పంచుకుని నక్షత్రాల కేటలాగ్ తయారు చేశాయి, అందులో హైదరాబాద్ ఒక వాటా పూర్తి చేసింది. ఆ కేటలాగ్‌కు ఒకే గాజు ప్లేటు మీద ఆరు నిమిషాలు, మూడు నిమిషాలు, ఇరవై సెకన్లు, ఇట్లా మూడు ఎక్స్‌పోజర్లు ఇవ్వడం మామూలు పద్ధతి. మసక చుక్కల కోసం పెద్దది, మెరిసే చుక్కల కోసం చిన్నది. ఆలోచన అదే, పరికరం మారింది.

ఇప్పుడు నేను ఎట్ల తీశానో చెప్తాను. నా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్, 55-250 లెన్సు, ఫ్రెండ్ ఇచ్చిన ఒక చిన్న ట్రాకర్. ట్రాకర్ అంటే నక్షత్రాలతో పాటు కెమెరాను మెల్లగా తిప్పే మోటార్ అన్నమాట. దాన్ని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి పెట్టాలి. మన దగ్గర ధ్రువ నక్షత్రం పదమూడు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఎందుకంటే మనం ఉన్న అక్షాంశమే అంత. కాబట్టి ఉత్తరం వైపు గుట్ట, చెట్టు, పక్కింటి మిద్దె అడ్డం లేని చోటు చూసుకోవాలి.

లెన్సు 250 దగ్గర, ఐఎస్ఓ 800, ఫైల్ రా ఫార్మాట్‌లో. ఐఎస్ఓ అన్నిటికీ ఒకటే ఉంచి టైమ్ మాత్రం మార్చాను: 60 సెకన్లు, 15 సెకన్లు, 4 సెకన్లు, 1 సెకను. ఒక్కో మెట్టు దాదాపు నాలుగు రెట్లు. ఎందుకు నాలుగు? ఒక ఎక్స్‌పోజర్‌లో నిండిపోయిన చోటు తర్వాతి దాంట్లో నిండకుండా, మరీ చీకటిగా కూడా లేకుండా ఉండాలి. అప్పుడే రెండింటి అంచులు ఒకదానిలో ఒకటి సాఫీగా కలుస్తాయి. 60 సెకన్ల నుంచి ఒకేసారి 1 సెకనుకు దూకితే నడుమ గాడి పడినట్టు కనిపిస్తుంది.

మీ కెమెరాకు ఇవే అంకెలు సరిపోవాలని లేదు. పరీక్ష సింపుల్. అన్నిటికంటే చిన్న ఎక్స్‌పోజర్‌లో నడుమ భాగం జూమ్ చేసి చూడండి. తెల్లగా కొట్టుకుపోకుండా ట్రపీజియం చుట్టూ మేఘం తెలుస్తుంటే చాలు. పెద్ద ఎక్స్‌పోజర్‌లో హిస్టోగ్రామ్ గుట్ట ఎడమ గోడకు అతుక్కోకుండా కొంచెం ఇవతలికి జరిగి ఉండాలి.

ఇక్కడ నేను గమనించిన ఒక విషయం మీకు బాగా పనికొస్తుంది. మూడు చోట్ల తీశాను: మదనపల్లెలో మిద్దె మీద, పుంగనూరు దగ్గర ఒక మామిడి తోటలో, కుప్పం వైపు ఒక పొలం గట్టున. 60 సెకన్ల ఫోటోల్లో తేడా చాలా ఉంది. టౌన్‌లో వీధి దీపాల వెలుగు ఆకాశాన్ని బూడిద రంగు చేస్తుంది, రెక్కలు అందులో మునిగిపోతాయి. కుప్పం పొలంలో రెక్కలు నిండుగా విచ్చుకున్నాయి. కానీ 1 సెకను, 4 సెకన్ల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది టౌన్‌దో ఏది పొలందో చెప్పడం కష్టం. నడుమ భాగం అంత వెలుగు, వీధి దీపాల మసక దాని ముందు ఆగదు.

దీనర్థం ఏంటి? చిన్న ఎక్స్‌పోజర్లు మీ ఇంటి మిద్దె మీదనే తీసుకోవచ్చు. చీకటి ఆకాశం దగ్గరికి వెళ్లిన ఆ ఒక్క రాత్రిని మొత్తం పెద్ద ఎక్స్‌పోజర్లకే వాడుకోవచ్చు. ఒకే కెమెరా, ఒకే లెన్సు, ఒకే జూమ్ ఉంటే చాలు. రెండు రాత్రుల ఫ్రేములను సాఫ్ట్‌వేర్ చుక్కలను బట్టి తిప్పి, జరిపి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెడుతుంది. నా ఫోటోలో దీపం మదనపల్లెది, వెలుగు కుప్పంది!

ఇంకో లోకల్ చిట్కా. కుప్పంలో పడమర దిక్కు బెంగళూరు వెలుగు తగులుతుంది. ఓరియన్ పడమరకు వాలేదాకా ఆగకండి. తూర్పున బాగా పైకి లేచినప్పటి నుంచి నడినెత్తి దాటేదాకా ఉన్న మూడు నాలుగు గంటలే మనవి. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులు చూసుకోండి.

ఇక కలపడం. ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీర్చేద్దాం. స్టాకింగ్ వేరు, ఎక్స్‌పోజర్ బ్లెండింగ్ వేరు. ఒకే టైమ్‌తో తీసిన ఫోటోలను సగటు కట్టడం స్టాకింగ్. దాంతో గ్రెయిన్ తగ్గుతుంది, తగ్గేది లెక్క ప్రకారం వర్గమూలంలో. నాలుగు ఫ్రేములకు సగం అవుతుంది, వంద ఫ్రేములకు పదో వంతు అవుతుంది. కానీ పొర్లిపోయిన వంద చెంబులు సగటు కట్టినా వచ్చేది పొర్లిపోయిన చెంబే. తెల్ల మచ్చ స్టాకింగ్‌తో పోదు. వేర్వేరు టైమ్‌లతో తీసినవి కలిపితేనే పోతుంది.

కాబట్టి మొదటి పని, ఒక్కో గుంపును విడివిడిగా స్టాక్ చేయడం. 60 సెకన్లవన్నీ ఒక ఫైల్, 15వి ఒక ఫైల్, 4వి ఒకటి, 1వి ఒకటి. సిరిల్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ. విండోస్‌లో డీప్‌స్కైస్టాకర్ కూడా ఫ్రీనే. ప్రతి గుంపుకు డార్క్ ఫ్రేములు తీయండి, అంటే లెన్సుకు మూత పెట్టి అదే టైమ్‌తో తీసినవి. ఇవి ఎందుకు ముఖ్యమో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. రెండో పని, నాలుగు ఫైళ్లనూ 60 సెకన్ల ఫైల్‌కు అలైన్ చేయడం.

మూడో పని అసలు బ్లెండింగ్. దీనికి రెండు దారులు ఉన్నాయి.

మొదటిది లెక్కల దారి. సెన్సార్ ఇచ్చే అంకె పడిన వెలుగుకు అనులోమానుపాతంలో ఉంటుంది. టైమ్ రెట్టింపు అయితే అంకె రెట్టింపు. నడుమ ఒక పిక్సెల్‌లో 4 సెకన్లకు 2,000 వచ్చిందనుకోండి. 60 సెకన్లు అంటే పదిహేను రెట్లు, రావాల్సింది 30,000. కానీ చెంబు 16,383కే నిండిపోయింది. మనం చేసేదేంటంటే, 60 సెకన్ల ఫైల్‌లో నిండిపోయిన పిక్సెళ్లు ఏవో వెతికి, ఆ ఒక్క చోట్ల చిన్న ఎక్స్‌పోజర్ అంకెను పదిహేనుతో గుణించి పెట్టడం. అంతే, ఊహ ఏమీ లేదు, కొలత ఉంది. డార్క్ ఫ్రేములు ఇక్కడ పనికొస్తాయి. వెలుగు పడకపోయినా సెన్సార్ కొంత అంకె చూపిస్తుంది. అది తీసేయకుండా గుణిస్తే ఆ దొంగ అంకె కూడా పదిహేను రెట్లు అవుతుంది. గ్రెయిన్ కూడా పదిహేను రెట్లు అవుతుంది, అందుకే చిన్న ఎక్స్‌పోజర్‌ను నిండిపోయిన చోట తప్ప ఇంకెక్కడా వాడకూడదు. పిక్స్ఇన్‌సైట్ లాంటి పెయిడ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పనికి ప్రత్యేకంగా టూల్ ఉంది.

రెండోది లేయర్ మాస్క్ దారి. ఫ్రీగా దొరికే గింప్ చాలు. ముందు నాలుగు ఫైళ్లనూ కంటికి బాగా కనిపించేలా స్ట్రెచ్ చేయండి. అన్నిటికీ కిందన 60 సెకన్లది, దాని మీద 15, దాని మీద 4, పైన 1. పై లేయర్‌కు ఒక మాస్క్ పెట్టండి. మాస్క్‌లో తెల్లగా ఉన్న చోట పై లేయర్ కనిపిస్తుంది, నల్లగా ఉన్న చోట కింది లేయర్ కనిపిస్తుంది. మరి మాస్క్ ఎక్కడ నుంచి వస్తుంది? కింది ఫోటోనే బ్లాక్ అండ్ వైట్ చేసి మాస్క్‌గా అతికించండి. ఎక్కడ కాలిపోయిందో అక్కడ అదే తెల్లగా ఉంటుంది, కాబట్టి సరిగ్గా అక్కడే పై ఫోటో వస్తుంది. చేత్తో గీయాల్సిన పనే లేదు. తర్వాత లెవెల్స్‌తో బాగా తెల్లగా ఉన్న భాగం తప్ప మిగతాది నల్లగా చేసి, గాసియన్ బ్లర్ గట్టిగా ఇవ్వండి. బ్లర్ తక్కువైతే అతుకు కనిపిస్తుంది, చొక్కాకు మాసిక వేసినట్టు. ఇంతే, ఒక్కో లేయర్‌కు ఇదే పని.

చివర్లో రెండు చెక్‌లు. ఒకటి, నడుమ భాగం చుట్టుపక్కల కంటే వెలుగుగానే ఉండాలి. చాలామంది వివరం కోసం నడుమను ఎంత దించుతారంటే అది బూడిద ముద్ద అయిపోతుంది, రెక్కలు దానికంటే మెరుస్తుంటాయి. దీపం కంటే గోడ వెలుగుగా ఉండే ఇల్లు ఎక్కడైనా ఉందా? రెండు, మెరిసే చుక్కల చుట్టూ నల్ల వలయాలు వచ్చాయేమో చూడండి. వస్తే మాస్క్ మరీ గట్టిగా ఉందని అర్థం.

ఇప్పుడు మూడో ప్రశ్న. దీనికోసమే ఈ ఎపిసోడ్ చేశాను.

కుప్పం దగ్గర ఒక పల్లె నుంచి డిగ్రీ చదివే తమ్ముడు ఒకరు మెసేజ్ పెట్టాడు. పేరు చెప్పను, తనకు ఇష్టం లేదు. మూడు రాత్రులు పొలంలో కూర్చుని, నాలుగు ఎక్స్‌పోజర్లు కలిపి, చాలా మంచి ఫోటో చేశాడు. కాలేజీలో ఫోటో పోటీకి పంపాడు. "ఎట్ల తీసినావు?" అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "కలిపినావంటే ఎడిటింగ్ కదా, ఫోటో కాదు" అని పక్కన పెట్టేశారట. క్లాస్ గ్రూపులో పెడితే "ఏఐతో చేసినాడు" అని నవ్వినారట. చివర్లో ఇట్లా రాశాడు: "అన్నా, నేను చేసింది మోసమా? మోసమే అయితే మానేస్తాను."

తమ్ముడూ, మోసం కాదు. కానీ ఊరికే "వాళ్లకేం తెలుసులే" అని వదిలేయను, ఎందుకంటే వాళ్ల అనుమానంలోనూ న్యాయం ఉంది. ఇప్పుడు ఫోన్‌లో ఒక వాక్యం టైప్ చేస్తే నెబ్యులా బొమ్మ వచ్చేస్తుంది. చంద్రుడిని ఫోటో తీస్తే, లెన్సుకు అందని గుంటలను సాఫ్ట్‌వేరే నింపి చూపించే ఫోన్లు వచ్చాయి. అట్లాంటప్పుడు జనం నమ్మకపోవడం వింత కాదు.

మరి గీత ఎక్కడ గీయాలి? నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. ఫోటోలో ఈ చోట ఉన్న వివరం, నా కెమెరా మీద పడిన వెలుగులోంచి వచ్చిందా, ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా? నాలుగు ఎక్స్‌పోజర్లలో ప్రతి పిక్సెల్ వెలుగూ 1,350 ఏళ్లు ప్రయాణం చేసి ఆ పొలంలో పడిందే. ఒక చెంబు నిండిపోయింది కాబట్టి ఇంకో చెంబు కొలత తీసుకున్నాం. ఇంకొకరి ఫోటోలోంచి నడుమ భాగం కోసి అతికిస్తే అది గీత దాటినట్టు. లేని చుక్కను బ్రష్‌తో పెడితే గీత దాటినట్టు. ఏఐ టూల్ లేని మేఘపు పోగులు అల్లితే, దాన్ని ఫోటో అని చూపిస్తే, గీత దాటినట్టు.

కలపడమే తప్పయితే హబుల్ ఫోటోలూ తప్పే. 2006లో విడుదలైన హబుల్ ఓరియన్ చిత్రం 520 ఫోటోలు కలిపి చేసింది. మన జేబులో ఫోన్ కూడా అంతే. గూగుల్ హెచ్‌డీఆర్ ప్లస్ లాంటివి షట్టర్ నొక్కిన ప్రతిసారీ చాలా ఫ్రేములు తీసి కలిపే మనకు ఒక ఫోటో చూపిస్తాయి. ఆ ఫోన్‌తో సెల్ఫీ తీసుకుని, ఇతనిది మాత్రం ఎడిటింగ్ అంటే ఎట్ల?

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. 30,000 అంకె, 50 అంకె పక్కపక్కన ఉన్న ఫోటోను ఏ ఫోన్ స్క్రీనూ ఉన్నదున్నట్టు చూపించలేదు. ఎవరైనా కొంత కుదించాల్సిందే. ఎంత కుదించాలనేది మన నిర్ణయం. అందుకే ఆ నిర్ణయాన్ని దాచకూడదు. ఫోటో కింద రెండు లైన్లు రాయండి: ఎక్కడ, ఎప్పుడు, ఏ లెన్సు, ఏయే ఎక్స్‌పోజర్లు ఎన్నెన్ని, ఏ సాఫ్ట్‌వేర్‌తో కలిపాను. రా ఫైళ్లు డిలీట్ చేయకండి. ఎవరైనా అడిగితే నాలుగు ఫోటోలూ పక్కపక్కన చూపించండి. పోట్లాడాల్సిన అవసరం రాదు, ఆ నాలుగే మాట్లాడతాయి. ఆ తమ్ముడికి కూడా ఇదే చెప్పాను. ఫైళ్లన్నీ తన దగ్గర ఉన్నాయి. ఆ నాలుగు ఫోటోలూ వరసగా ఒక పోస్టర్ మీద పెట్టి, కింద పద్ధతి రాస్తున్నానని చెప్పాడు. అది ఎవరు ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. కానీ మానేయడం లేదు, నాకు అది చాలు.

కెమెరా లేదు, ఫోన్ మాత్రమే ఉంది అనేవాళ్లకు ఒక హోమ్‌వర్క్. ఫోన్‌లో నెబ్యులా చిన్న మసక చుక్కలా వస్తుంది, అబద్ధం చెప్పను. కానీ బ్లెండింగ్ నేర్చుకోవడానికి అచ్చం ఇదే సమస్య ఉన్నది ఇంకోటి ఉంది: నెలవంక. అమావాస్య తర్వాత విదియ, తదియ రోజుల్లో సాయంత్రం పడమర చూడండి. సన్నటి వంక మెరుస్తుంటే, మిగతా చంద్రుడు మసకగా కనిపిస్తాడు. అది భూమి మీద నుంచి తిరిగి వెళ్లిన వెలుగు. వంకకు సరిగ్గా తీస్తే మసక భాగం రాదు, మసక భాగానికి తీస్తే వంక కాలిపోతుంది. అదే ధార, అదే చినుకు!

ట్రైపాడ్ మీద ఫోన్ పెట్టండి, జూమ్ లెన్సు ఉంటే అది వాడండి. ప్రో మోడ్, రెండు సెకన్ల టైమర్. ఒకటి సెకనులో అరవయ్యో వంతుతో, ఇంకోటి ఒకటి రెండు సెకన్లతో, వెంటవెంటనే తీయండి. స్నాప్‌సీడ్‌లో పెద్ద ఎక్స్‌పోజర్ ఓపెన్ చేసి, డబుల్ ఎక్స్‌పోజర్ టూల్‌తో చిన్నది దాని మీదికి తెచ్చి, సరిగ్గా కూర్చోబెట్టి, ఒపాసిటీ పూర్తిగా పెంచండి. తర్వాత వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్లి, బ్రష్‌తో వంక మీద మాత్రమే దాన్ని పూయండి. మీరు చేసింది లేయర్ మాస్కే. కంప్యూటర్ లేకుండా బ్లెండింగ్ అర్థమైపోతుంది.

ఆఖరుగా జాగ్రత్తలు. కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అడవి అంచున ఏనుగులు తిరుగుతాయి, రాత్రిళ్లు పొలాల్లోకి వస్తాయి. అడవి పక్కన ఒంటరిగా కూర్చోవద్దు. ఆ ఊరి వాళ్లను అడిగి, ఆ రోజు గుంపు ఎటువైపు ఉందో కనుక్కుని, తెలిసినవాళ్ల పొలానికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ఇంట్లో చెప్పి వెళ్లండి. హార్స్లీ హిల్స్‌లో చలి గట్టిగా ఉంటుంది, స్వెటర్ మర్చిపోకండి. మంచుకు లెన్సు మీద తేమ పడుతుంది, మధ్యమధ్యలో చూసుకోండి.

కుప్పానికి గాలి దారిన అరవై కిలోమీటర్ల లోపే, తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు ఉంది. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోప్‌కు 1986లో వేణు బాపు పేరు పెట్టారు. ఆయన పెరిగింది హైదరాబాద్‌లో, వాళ్ల నాన్న పనిచేసింది ఇందాక చెప్పిన నిజామియాలోనే. చీకటి బాగుందని ఆయన ఎంచుకున్న కొండలు అవి. ఆ చీకటికి మనం ఇంత దగ్గర్లో ఉన్నాం. మన ఊళ్లలో ఎల్‌ఈడీ లైట్లు ఏటా పెరుగుతున్నాయి, కాబట్టి రెక్కలు కనిపించే పొలాలు ఉండగానే వాటిని తీసి పెట్టుకుందాం. ఇంటి ముందు లైటుకు ఒక చిన్న మూత పెట్టి వెలుగు కిందికి పడేలా చేసినా, పక్క పొలంలో ఇంకో తమ్ముడికి సాయం చేసినట్టే.

నెలవంక ఫోటోలు పంపండి. కలిపినది ఒక్కటే కాదు, దానికి ముందువి రెండూ కూడా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. అప్పటిదాకా, ఉంటాను.